తవిటికి కొన్న బిడ్డ

మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మిగతా జిల్లాల వాళ్ళకి వింతగా ఉంటుంది. మా దగ్గర ఏ ఊరు వెళ్ళినా ఒక తవిటయ్యో, తవిటమ్మో, తవిటినాయుడో కనిపిస్తారు. నేను కాలేజీకి విశాఖపట్నం వచ్చిన కొత్తలో హాస్టల్లో ఒక అమ్మాయి మా నాన్న పేరు అడిగి, విని, "తవుడా? గేదెలకి పెట్టే తవుడా?" అంది. వెక్కిరించడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. మా నాన్నదీ ఆ పేర్లలో ఒకటే.

ఆ పేరు ఊరికే పెట్టరు. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి మంత్రసాని చేతిలోనో వీధిలో వేరే ఆవిడ చేతిలోనో పెట్టి "ఇక నీ బిడ్డే" అనేస్తారు. తర్వాత కాసింత తవుడు కొలిచి ఇచ్చి, మళ్ళీ కొనుక్కుంటారు. ఇంట్లో అన్నిటికన్నా చవకైన వస్తువు పోసి కొన్న బిడ్డ కాబట్టి వాడి మీద మృత్యువు కన్ను పడదని నమ్మకం. పెంటయ్య అనే పేరూ అలా వచ్చిందే, పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్న బిడ్డ అని. మా నాన్నకి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు.

మొన్న మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. దానికి ఇప్పుడు నాలుగో నెల. రోగాలు రాకుండా కాపాడే ఆహారాలని ఎవరో పంపిన లిస్టు చదివి వినిపించింది, అందులో సగం పేర్లు నేను కొట్లో కూడా చూడలేదు. "ఇవన్నీ సరే గానీ, మీ మామ్మ ఏం తినేదమ్మా?" అని అడిగింది. ఫోన్లో అరగంట చెప్పాను, చెప్పాల్సింది ఇంకా మిగిలిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మామ్మ అంటే మా నాన్న తల్లి. టెక్కలి దగ్గర మా ఊళ్ళో, పెరట్లో మునగచెట్టు పక్కన ఆవిడ రోలు ఉండేది. వారానికి ఒకసారి వడ్లు దంపేవారు. మామ్మ ఒక పక్క, మా వీధి చివర ఇంటి అత్త ఒక పక్క నిలబడి, ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగేది. ఒక్కసారి కూడా రెండు రోకళ్ళూ తగులుకోగా నేను చూడలేదు. గింజలు చెదరకుండా రోటి మీద కుందెన పెట్టేవారు, రోకలి చివర పొన్ను రాయికి తగలకుండా గింజల మీదే పడేలా కొట్టేవారు. నేను అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ లెక్కలు చేసుకునేదాన్ని. మొదటి దంపుడుకి పైన ఊక వదిలేది. దాన్ని చేటలో పోసి చెరిగేవారు, గాలికి ఊక అంతా పెరటి గోడ దాకా ఎగిరేది. మళ్ళీ రోట్లో పోసి రెండోసారి దంపితే అప్పుడు వచ్చేది తవుడు.

ఆ తవుడు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. మిల్లులో బస్తాకెత్తే తవుడులా ఉండదది. లేత గోధుమరంగులో, కాస్త గులాబీ ఛాయతో, రోటి అంచు మీద సన్నటి పొడిలా పట్టుకుని ఉండేది. వేలితో తీస్తే రోకటి వేడికి గోరువెచ్చగా, నూనె తగిలినట్టు కొద్దిగా జిడ్డుగా ఉండేది. మామ్మ ఒక గుప్పెడు జల్లించి, బెల్లం ముక్క చితక్కొట్టి అందులో కలిపి, రెండు చేతుల మధ్య గట్టిగా నొక్కి ఉండ చేసి ఇచ్చేది. నీళ్ళు గానీ నెయ్యి గానీ అక్కర్లేదు, దానిలో ఉన్న నూనెకీ బెల్లానికీ అదే ముద్ద కట్టేది. మొదట నోట్లో పొడిపొడిగా అంటుకునేది, తర్వాత పాలు పోసుకుంటున్న వరిగింజ నమిలినప్పటి తీపి లాంటిది నెమ్మదిగా వచ్చేది. మా తమ్ముడు తినేవాడు కాదు. వాడి ఉండ కూడా నేనే తినేదాన్ని.

వారానికి సరిపడా మాత్రమే ఎందుకు దంపేవారంటే, ఆ బియ్యం నిలవ ఉండవు. పైపొర పోకుండా ఉంటుంది కాబట్టి అందులో నూనె ఉంటుంది, ఎక్కువ రోజులు ఉంచితే అది చెడి కనరు వాసన వేస్తుంది, పురుగు కూడా త్వరగా పడుతుంది. మిల్లులో తెల్లగా పట్టించిన బియ్యం ఏడాది మూట కట్టి ఉంచినా ఉంటాయి. పురుగు కూడా తినడానికి ఇష్టపడని బియ్యం అవి, అనేది మామ్మ. వడ్లనైతే గాదెలో ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు, కావలసినప్పుడు తీసి దంపుకోవచ్చు.

అన్నం వార్చిన గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ మా వీధిలో చాలా ఇళ్ళలో కుడితి తొట్టెలోకి పోయేవి, గేదెకి. మా ఇంట్లో మాత్రం మొదటి కడుగు తప్ప మిగతాదంతా తరవాణి కుండలోకి పోయేది. వంటింటి మూల మట్టికుండ, దాని మీద మూకుడు. అందులో గంజి పులుస్తూ ఉండేది, రోజూ కొంత తీసి కొంత పోసేవారు. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి పొద్దున్న ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేవాళ్ళం. ఎండాకాలం మామిడికాయ ముక్క, దొరికిన రోజు కాల్చిన ఎండుమెత్తళ్ళు. మధ్యాహ్నం పొలం నుంచి వచ్చినవాళ్ళకి చోడి అంబలి. చోళ్ళంటే రాగులే, మా వైపు అలాగే అంటాం. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుందని నేను పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేర్చుకున్నాను, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. మామ్మకి 81 ఏళ్ళు వచ్చినా ఒక్క ఎముకా విరగలేదు. అది చోళ్ళ వల్లేనని నేను రాసి ఇవ్వలేను, జీవితమంతా ఎండలో వంగి పని చేసిన ఒళ్ళు కూడా కదా.

ఉలవలు చలికాలం. కూరంటే పెరట్లో ఏది లేతగా ఉంటే అది: తోటకూర, గోంగూర, మునగాకు, కాలవగట్టు మీద పొన్నగంటి. కొన్న కూరగాయ అంటే పండగే.

మామ్మ మిల్లు బియ్యం ముట్టేది కాదు. మా అమ్మకి అది పెద్ద కష్టంగా ఉండేది. చుట్టాలొస్తే ఎర్రగా, ముతకగా ఉన్న అన్నం వడ్డించడానికి అమ్మకి నామోషీ, అందుకే ఒక చిన్న డబ్బాలో మిల్లు బియ్యం దాచి ఉంచేది. అప్పట్లో తెల్లటి అన్నం అంటే ఉన్నవాళ్ళ అన్నం. అమ్మని తప్పుపట్టలేను, రోజంతా పని చేసి మళ్ళీ రోకలి పట్టుకోవాలంటే ఏ ఆడదానికైనా ప్రాణం మీదకి వస్తుంది. మిల్లు వచ్చి ఆడవాళ్ళ భుజాలకి చేసిన మేలు చిన్నది కాదు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ దంపడం ఆగిపోయింది. మామ్మ మాత్రం మిల్లువాడితో, తనకి వేరేగా ఒంటిపట్టు, అంటే ఒక్కసారే, పట్టి ఇమ్మని చెప్పుకుని తెచ్చుకునేది.

ఎందుకంత పట్టుదల అని అడిగితే సరిగ్గా చెప్పేది కాదు. చాలా ఏళ్ళ మీద, బియ్యం ఏరుతూ ఒక ముక్క, వత్తులు చేసుకుంటూ ఒక ముక్క, అలా చెప్పింది.

మామ్మకి పదమూడో ఏట పెళ్ళయింది. అత్తవారి ఊరు సముద్రం వైపు, కలిగిన కుటుంబం. అప్పటికి దగ్గర్లో కొత్తగా రైసు మిల్లు వచ్చింది. 1934 ప్రాంతంలో మొదటి కాన్పు. కోడలు బాలింత, మంచి తిండి పెట్టాలని మామగారు మిల్లు నుంచి తెల్లటి సన్నబియ్యం ప్రత్యేకంగా తెప్పించేవారట. బాలింత పథ్యం కదా, ఆ అన్నంలో కారప్పొడి, నెయ్యిచుక్క, అంతే. పప్పు వాతం చేస్తుందని, కూరలు చలవ అని, ఏదీ పెట్టేవారు కాదు. బియ్యాన్ని నాలుగైదు నీళ్ళు కడిగి, గంజి మొత్తం వార్చేసి పెట్టేవారు. బిడ్డ బొద్దుగా ఉన్నాడు, మూడో నెలలో ఒక రాత్రి ఊపిరి అందక నీలిరంగు తిరిగి తెల్లారేసరికి పోయాడు. రెండేళ్ళకి రెండోవాడు. వాడు అయిదో నెల దాకా ఉన్నాడు. వాడి గురించి మామ్మ చెప్పిన మాట ఒక్కటే, చెప్పిన ప్రతిసారీ అదే మాట: "ఏడ్చేవోడే, నోరు తెరిచేవోడు, గొంతు లెగిసేది కాదు. నాను పక్కనున్నా వినపడేది కాదు."

రెండోవాడూ పోయాక ఇంట్లోవాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ ఒక మాట అన్నారు. ఈ పిల్ల పాలు బిడ్డకి పడవు, ఈమె పాలు విషం అని. అత్తగారు మొహం మీదే అందట. ఇరవయ్యో ఇరవై ఒకటో ఏళ్ళ పిల్లని.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు కుటుంబంలో గొడవలొచ్చి, మా తాత స్టీమరెక్కి రంగూన్ వెళ్ళిపోయాడు. మా వైపు నుంచి ఆ రోజుల్లో రంగూన్ వెళ్ళని ఇల్లు తక్కువ. మామ్మని పుట్టింటికి పంపేశారు. పుట్టిల్లు పాతపట్నం అవతల, కొండల దగ్గర. అక్కడ మిల్లు లేదు, డబ్బులూ లేవు. తనే వడ్లు దంపుకుంది, చోడి అంబలి తాగింది, ఉలవలు ఉడకబెట్టుకు తింది, తరవాణి తాగింది. కాన్పయ్యాక కూడా పథ్యం పెట్టే స్తోమత ఎవరికీ లేక, ఇంటిల్లిపాదీ ఏం తింటే అదే తింది. 1939లో మా నాన్న పుట్టాడు. మామ్మ వాళ్ళమ్మ బిడ్డని మంత్రసాని చేతికిచ్చి, చేటలో తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. బిడ్డ నిలిచాడు. మా తాత 1942లో జపాను వాళ్ళు బర్మాలోకి వచ్చినప్పుడు వేలమందితో పాటు నడిచి వచ్చాడు, వచ్చేసరికి మూడేళ్ళ కొడుకు ఎదురొచ్చాడు. మామ్మ చెప్పేది ఇంతే. కష్టం వచ్చింది, బిడ్డ బతికాడు. ఆ రెండు మాటలూ ఎప్పుడూ పక్కపక్కనే చెప్పేది గానీ, ఒకదానికీ ఇంకోదానికీ ముడి వెయ్యలేదు. ఆ ఇంటి బియ్యం తన చేతికి అచ్చిరాలేదని మాత్రం అనుకుంది, అందుకే మళ్ళీ ముట్టలేదు.

నేను జీవశాస్త్రం టీచర్నయ్యాను. 1994లో ఎనిమిదో తరగతి పిల్లలకి విటమిన్ల పట్టిక చెబుతున్నాను. ఏ లోపిస్తే రేచీకటి, సి లోపిస్తే స్కర్వీ, డి లోపిస్తే రికెట్స్, బి1 లోపిస్తే బెరిబెరి. ఆరేళ్ళుగా అదే పట్టిక చెబుతున్నాను. ఆ రోజు ఒక అబ్బాయి లేచి, "బెరిబెరి అంటే ఏమవుతుంది టీచర్?" అని అడిగాడు. కాళ్ళు చచ్చుబడతాయి, ఒళ్ళు నీరు పడుతుంది అని చెప్పి, రేపు ఇంకా వివరంగా చెబుతానన్నాను. సాయంత్రం లైబ్రరీలో పోషకాహారం మీద ఒక పాత పుస్తకం తీశాను. పసిపిల్లల బెరిబెరి అని అందులో రెండు పేరాలు. తల్లి తిండిలో బి1 లేకపోతే ఆమె పాలల్లోనూ ఉండదు. రెండు నుంచి నాలుగు నెలల మధ్య బొద్దుగా కనిపించే బిడ్డే ఉన్నట్టుండి ఊపిరాడక, నీలిరంగు తిరిగి, గుండె ఆగి పోతాడు. కాస్త పెద్ద బిడ్డల్లో గొంతు పోతుంది, ఏడుస్తున్నట్టు నోరు తెరుస్తారు గానీ శబ్దం రాదు.

ఆ లైను దగ్గర నా చేతులు చల్లబడ్డాయి. లైబ్రరీలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, ఎంతసేపు ఏడ్చానో తెలీదు.

తర్వాత దొరికినదల్లా చదివాను. బి1 గింజలో ఎక్కడ ఉంటుందంటే పైపొరలో, మొలకలో. అంటే తవుడులో. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పడితే బి1లో మూడొంతులకు పైగా తవుడుతో వెళ్ళిపోతుంది. మిగిలిన కాస్తా నీళ్ళలో కరిగే గుణం ఉన్నది కాబట్టి నాలుగు నీళ్ళు కడిగి గంజి వారిస్తే అందులోనూ చాలా భాగం పోతుంది. అది గేదె తాగేది. దీన్ని మొట్టమొదట బయటపెట్టింది కోళ్ళు. 1890ల ప్రాంతంలో జావా దీవిలో, ఇప్పటి జకార్తాలో, ఐక్‌మాన్ అనే డచ్చి డాక్టరు దగ్గర ఉన్న కోళ్ళకి కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వేసేవారు వాటికి. వంటవాడు మారి, సైన్యం బియ్యం కోళ్ళకి వెయ్యనని ముడిబియ్యం వేయిస్తే అవి మళ్ళీ లేచి తిరిగాయి. ఆ డాక్టరుకి 1929లో నోబెల్ వచ్చింది. ఆ బి1 నిర్మాణాన్ని కనిపెట్టి, 1936లో ప్రయోగశాలలో తయారు చేసిన రాబర్ట్ విలియమ్స్ ఎక్కడ పుట్టాడో తెలుసా? మన నెల్లూరులో, 1886లో. మిషనరీల కొడుకు. తర్వాత మనీలాలో ఉద్యోగం చేసేటప్పుడు, చావుబతుకుల్లో ఉన్న బెరిబెరి పసిబిడ్డలు తవుడు సారం చుక్కలతో కోలుకోవడం కళ్ళారా చూసి, జీవితంలో ఇరవై అయిదేళ్ళు దాని వెంటే పడ్డాడు. ఆయన ఆ మందుని తయారు చేసిన ఏడాదే మామ్మ రెండో కొడుకు పుట్టాడు.

ఇంకొకటి చదివి అయితే చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నీలగిరుల్లో కూనూరులో ఒక పోషకాహార పరిశోధన సంస్థ ఉండేది, 1918లో మెకారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టినది. 1958లో హైదరాబాద్ తార్నాకకి తరలివచ్చి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది అదే. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ఎక్కడ ఉందని వాళ్ళు వెతికితే తేలింది మన ఉత్తర సర్కారు జిల్లాలు. మన కోస్తా. 1940ల మొదట్లో అక్కడి డైరెక్టరు ఎయిక్‌రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ ఈ జిల్లాల్లో పసిపిల్లల మరణాల లెక్కలు తీసి అచ్చు వేశారు. తమిళులూ మలయాళీలూ కూడా అన్నమే తింటారు కదా, వాళ్ళకి లేకుండా మనకే ఎందుకంటే, వాళ్ళు ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం. వడ్లని నానబెట్టి ఆవిరికి ఉడికిస్తే బి1 పైపొర నుంచి గింజ లోపలికి దిగుతుంది, ఆ తర్వాత మిల్లుకి వేసినా చాలావరకు నిలుస్తుంది. మనం పచ్చిబియ్యం తినేవాళ్ళం. దంపుకున్నన్నాళ్ళూ ఈ బాధ తక్కువ. మిల్లు వచ్చాక బిడ్డలు పోవడం ఎక్కువైంది, అదీ ముందు మిల్లు బియ్యం కొనగలిగిన ఇళ్ళలో. గాంధీగారు 1930లలో తన పత్రికలో దంపుడు బియ్యం గురించి పదేపదే రాశారంటే ఊరికే రాయలేదు.

మా మామ్మ బిడ్డలిద్దరూ దానితోనే పోయారని నేను రుజువు చేయలేను. చూసిన డాక్టరు లేడు, కాగితం లేదు. కానీ ఆ వయసులు, ఆ నీలిరంగు, ఆ పోయిన గొంతు, ఆ జిల్లా, ఆ సంవత్సరాలు, ఆ తిండి, ఇన్ని ఒకచోట కలిశాక ఇంకేమనుకోను.

తవిటయ్యల సంగతి కూడా అప్పుడే నన్ను పట్టుకుంది. బిడ్డల్ని కాపాడే వస్తువు ఏదో, సరిగ్గా దాన్నే చేటలో పోసి బిడ్డని కొన్నారు మా వాళ్ళు. అది చవకదని కొన్నారు తప్ప, గుణం తెలిసి కాదు. ఆ ఆచారం మిల్లుల కన్నా పాతది కూడా, వేరే రోగాలతో పోయిన బిడ్డలకీ అదే చేసేవారు. అయినా మా నాన్న పేరు పలికినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మా అమ్మాయి డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటోంది. దానికి ఆ కథ కూడా చెప్పాను. నెల్లూరులో పుట్టిన రాబర్ట్ తమ్ముడు రోజర్ ఊటీలో పుట్టాడు. 1941లో పాలకూరలోంచి ఒక పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టింది ఆయన బృందమే. 1945లో అమెరికాలో దాన్ని తయారు చేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకుని, తను కూడా దాని బారిన పడి బతికి బయటపడ్డ మనిషి, ఆ జబ్బుకి పనికొచ్చే మందు దగ్గరికే చేరాడు. గర్భం నిలిచిన మొదటి వారాల్లో, ఇంకా చెప్పాలంటే నిలవకముందు నుంచే, ఇది ఒంట్లో సరిపడా ఉంటే బిడ్డ వెన్నెముక లోపాలు చాలావరకు రాకుండా ఉంటాయి. మాత్ర వేసుకో, దాని బదులు ఆకుకూర అనకు, మాత్రతో పాటు ఆకుకూర కూడా తిను అన్నాను. తోటకూర ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే మళ్ళీ గంజి కథే అని కూడా చెప్పాను. బాలింత పథ్యం పేరుతో పప్పూ కూరా మానిపిస్తే మాత్రం నేను ఊరుకోనని వియ్యపురాలితో ఇప్పటికే అనేశాను. ఆవిడ మంచిది, నవ్వేసి సరే అంది.

ఇప్పుడు బెరిబెరి పేరు మన జిల్లాల్లో పెద్దగా వినపడదు. పప్పులు, వేరుశెనగలు, గోధుమలు, మాంసం, గుడ్లు, ఏదో ఒకటి రోజూ పళ్ళెంలో ఉంటోంది, బి1 అలా అందుతోంది. తెల్లన్నం ఇప్పుడు చేసే హాని వేరు. మా నాన్నకి షుగరు వచ్చింది, నాకు బోర్డర్లో ఉంది. హార్వర్డ్ వాళ్ళు 2010లో వేసిన ఒక పెద్ద అధ్యయనంలో, రోజూ తినే తెల్లబియ్యంలో 50 గ్రాములు తగ్గించి ఆ స్థానంలో ముడిబియ్యం తినేవాళ్ళకి షుగరు ముప్పు 16 శాతం తక్కువ ఉండొచ్చని లెక్క కట్టారు. అది అమెరికా వాళ్ళ మీద వేసిన లెక్క, పైగా దంపుడు బియ్యం కదా అని పళ్ళెం నిండా పెట్టుకుంటే షుగరు పెరగక మానదు, నాన్న దగ్గర చూశాను. కొలిచి పెట్టుకుంటాం. రెండు కిలోలకి మించి ఒకసారి తేను, తెచ్చినవి వాసన చూసి తీసుకుంటాను. ముందురోజు రాత్రి నానబెడతాను, అదే నీళ్ళలో వండుతాను, గంజి వార్చను. వారంలో రెండు రోజులు చోడి అంబలి. మా ఆయనకి మొదట గొంతు దిగలేదు, ఆర్నెల్లకి అలవాటైంది.

ఇంక మామ్మకి చెప్పిన రోజు గురించి.

ఆ పుస్తకం చదివాక దసరా సెలవులకి ఊరు వెళ్ళాను. చెప్పాలా వద్దా అని బస్సులో దారంతా టెన్షన్. ఆవిడకి అప్పటికి 78. ఎప్పటి పుండునో కెలకడం అవుతుందేమో, మామగారు ప్రేమతో తెప్పించిన బియ్యమే బిడ్డల ప్రాణం తీసిందని ఎలా చెప్పడం అనుకున్నాను. కానీ అరవై ఏళ్ళుగా ఆవిడ మోస్తున్నది ఇంకొకటి ఉంది. నీ పాలు విషం అన్న మాట. అది తప్పని తెలిసీ నేను నోరు మూసుకుంటే ఎలా?

సాయంత్రం పెరట్లో మునగాకు దూస్తూ కూర్చున్నాం. నేను నెమ్మదిగా చెప్పుకుంటూ వచ్చాను. బియ్యం పైన ఒక పొర ఉంటుంది మామ్మా, మిల్లులో అది పోతుంది, తల్లి అది తినకపోతే పాలల్లోకి రాదు, బిడ్డకి గుండె నిలవదు, గొంతు పోతుంది. మన జిల్లాల్లో వేలమంది తల్లులకి అలాగే జరిగిందంట, డాక్టర్లు పుస్తకాల్లో రాశారు. నీ పాలల్లో ఏ విషమూ లేదు మామ్మా.

ఆవిడ చేతిలో రెమ్మ అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి, "బియ్యంలోనా?" అంది. అవునన్నాను. "తవుడులోనా?" అంది. అవునన్నాను. ఇంకేం మాట్లాడలేదు. లేచి వెళ్ళి గేదెల పాకలో బస్తాలోంచి గుప్పెడు తవుడు తెచ్చి, అరచేతిలో పరుచుకుని, దీపం దగ్గరగా పెట్టి చూసింది. వాసన చూసింది. చిటికెడు నాలుక మీద వేసుకుంది. మిగిలింది కొంగున ముడి వేసుకుని పడుకుంది.

ఆ మర్నాడంతా మామూలుగానే ఉంది. మూడో రోజు పొద్దున్న నేను బయల్దేరుతుంటే, తరవాణి కుండ మీద మూకుడు తీస్తూ, నావైపు చూడకుండానే, "పెద్దోడి పేరు నీకెప్పుడైనా సెప్పానేటే?" అంది. లేదు మామ్మా అన్నాను. చెప్పింది. రెండోవాడి పేరూ చెప్పింది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మా నాన్న అక్కడే ఆగిపోయాడు. ఆయనకి యాభై అయిదేళ్ళు, తన అన్నల పేర్లు వినడం అదే మొదటిసారి.